అరచేతి కింద

మా అమ్మాయి చదివే తీరులో ఒక చిన్న అలవాటు కొన్నాళ్లుగా నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. రాత్రి భోజనాలయ్యాక, నేను డైనింగు టేబులు తుడిచీ తుడవకముందే తన కాగితాలు పరిచేస్తుంది. మొత్తం ఏడు. ఒకదాని మీద పాత ఉత్తరం, ఇంకోదాని మీద పత్రికలో పడ్డ కార్టూను, మరోదాని మీద ఎవరిదో ఉపన్యాసం ముక్క. ప్రతి దానికీ పైన సన్నక్షరాల్లో ఒకే ఒక్క వరుస ఉంటుంది: ఎవరు రాశారు, ఎప్పుడు, ఎక్కడ. తను ఆ వరుస చదివి, కింద ఉన్న అసలు విషయాన్ని అరచేత్తో మూసేస్తుంది. మూసి, కాసేపు కిటికీలోంచి పక్కింటి వాళ్ల గరాజు వైపు చూస్తుంది. ఆ మనిషి ఏం చెప్పి ఉంటాడో ముందు ఊహించుకుంటుందట. ఆ తర్వాతే చెయ్యి తీస్తుంది. మొదటిసారి చూసినప్పుడు పిల్లకి నిద్రొస్తోంది కాబోలని పాలు కలిపి ఇచ్చాను. తాగింది గానీ చెయ్యి తియ్యలేదు.

తను చదివేది ఏపీ హిస్టరీ. ఈ మాట ఫోనులో విని మా అమ్మ ఎంత మురిసిపోయిందో చెప్పలేను. "అమెరికాలో కూడా మన చరిత్ర చెబుతున్నారన్నమాట! శాతవాహనుల దాకా వచ్చారా తల్లీ?" అంది. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదనీ, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనీ, హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠం చదివి పరీక్ష రాస్తే ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేస్తారనీ నేను చెప్పేసరికి ఆవిడ ఉత్సాహం చల్లారిపోయింది. "అయితే వాళ్ల చరిత్రేనా" అని ఊరుకుంది. అవును, వాళ్ల చరిత్రే. అయితే ఇక్కడే పుట్టిన పిల్లకి అది 'వాళ్లది' ఎలా అవుతుందన్న ప్రశ్న అమ్మకి తోచలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకూ తోచలేదు.

ఈ పాఠం 1491తో మొదలవుతుంది. కొలంబస్ వచ్చింది 1492లో కదా, ఒక ఏడాది వెనకెందుకు అని అడిగాను. ఆయన ఓడ దిగడానికి ముందే ఇక్కడ మనుషులున్నారని గుర్తుంచుకోవడానికట. ఒక్క అంకె మార్చి ఇంత మాట అనొచ్చా అని ఆశ్చర్యపోయాను. మే నెలలో పరీక్ష. మూడు గంటల పావు సేపు. మొదట 55 బిట్లు, తర్వాత చిన్న ప్రశ్నలు, చివరికి రెండు వ్యాసాలు. ఆ వ్యాసాల్లో ఒకటి ఈ ఏడు కాగితాలది. గంట టైమిస్తారు, అందులో పావుగంట చదువుకోవడానికే. అంతకుముందు కలిపి చూసి ఉండని ఏడు కాగితాలు ముందు పెట్టి, వీటిని సాక్ష్యంగా పెట్టుకుని నీ వాదన నువ్వు చెప్పు అంటారు. ఇప్పుడు పరీక్షంతా కంప్యూటరు మీదే అయినా వాళ్ల టీచరు మాత్రం అభ్యాసానికి కాగితాలే ఇస్తుంది. కంప్యూటరు తెర మీద చెయ్యి వేస్తే మరకలవుతాయని కాబోలు.

నేనూ హిస్టరీ విద్యార్థినినే. గుంటూరు జిల్లాలో ఇంటర్‌లో హెచ్ఈసీ, తెలుగు మీడియం, 1993 నుంచి 95 దాకా. ఆ గ్రూపు పేరు చెబితే చాలు, "ఎంపీసీలో సీటు రాలేదా అమ్మా?" అని జాలిపడని బంధువు లేడు. వచ్చిందండీ, నేనే వద్దన్నాను అంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. కొన్నాళ్లకి నేనే 'రాలేదండీ' అనడం మొదలుపెట్టాను, గొడవ వదిలిపోతుందని. తెలుగు అకాడమీ పుస్తకం, దానికో గైడు, ఒక ఆకుపచ్చ స్కెచ్ పెన్ను. చదువంటే ఆ మూడే. విజయనగర సామ్రాజ్య పతనానికి కారణాలు రాయమంటే సైడ్ హెడింగులు పెట్టి కింద గీత గియ్యాలి. పాయింట్లు ఎనిమిదికి తగ్గకూడదని మా లెక్చరర్ గారి శాసనం. ఆశ్చర్యం ఏమిటంటే ఏ సామ్రాజ్యం కూలినా కారణాలు సరిగ్గా ఎనిమిదే ఉండేవి. చివరిది ఎప్పుడూ 'అసమర్థులైన వారసులు'. ఆ వారసులని అసమర్థులని మొదట అన్నదెవరు, ఎవరి కొలువులో కూర్చుని అన్నారు అని అడగాలని నాకు ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు. అడిగితే మాత్రం ఏమయ్యేది? సిలబస్ వెనకబడిపోయేది, అంతే.

ఆ పుస్తకంలో "విదేశీ యాత్రికుల ప్రకారం" అనే మాట పేజీకోసారి వచ్చేది. డొమింగో పేస్, న్యూనిజ్. ఈ రెండు పేర్లూ నాకు జంట కవుల్లా వినిపించేవి. ఇద్దరూ పోర్చుగీసు వాళ్లు, విజయనగరం వచ్చారు, వైభవం చూసి ముక్కున వేలేసుకున్నారు. ఎందుకొచ్చారు? చూడ్డానికొచ్చారు. యాత్రికులు కదా. న్యూనిజ్ గుర్రాల వ్యాపారి అన్న సంగతి ఎంఏలో చేరాక, యూనివర్సిటీ లైబ్రరీలో 1900లో అచ్చయిన రాబర్ట్ సూయెల్ పుస్తకం తిరగేస్తుంటే తెలిసింది. ఆ సాయంత్రం బాగా గుర్తు. ఫ్యాను తిరుగుతుంటే పేజీలు లేచిపోతున్నాయని మోచేత్తో అదిమిపట్టి చదువుతున్నాను. గుర్రాలు అమ్ముకునేవాడు రాజుగారి సైన్యం గురించి, ఖజానా గురించి రాస్తుంటే, కొనగలిగే తాహతుని లెక్కేసే వ్యాపారి చూపు అందులో ఎంతో కొంత ఉండదా? అంతమాత్రాన ఆయన రాసింది అబద్ధమైపోదు. కానీ ఆ ఒక్క ముక్క తెలిశాక అంతకుముందు చదివిన పేరాలన్నీ కొంచెం పక్కకి ఒరిగినట్టనిపించింది. నాకు ఇరవై రెండేళ్లొచ్చాక తగిలిన ఆ ఒరుగు మా అమ్మాయికి పదహారేళ్లకే, అదీ రోజూ, భోజనాలయ్యాక అలవాటుగా తగులుతోంది. అసూయ అనాలా దీన్ని? కొంచెం అనుకోండి.

నాలుగేళ్ల కింద మా ఆయనా నేనూ సిటిజన్‌షిప్ పరీక్షకి కూర్చున్నాం. అప్పటి పద్ధతిలో వంద ప్రశ్నలు ముందే ఇచ్చేవారు. ఆఫీసరు అందులోంచి పది అడిగితే ఆరు చెప్పాలి. నాకైతే పుట్టింటికి వెళ్లినట్టుంది. లఘు ప్రశ్నలు! వంటింట్లో స్టవ్ పైన చిమ్నీకి కాగితాలు అంటించుకుని పోపు వేస్తూ బట్టీ పట్టాను. అంతర్యుద్ధానికి దారితీసిన సమస్య ఒకటి చెప్పండి అనేది అందులో ఒక ప్రశ్న. బానిసత్వం అన్నా, ఆర్థిక కారణాలన్నా, రాష్ట్రాల హక్కులన్నా సరే, మూడింట్లో ఏది చెప్పినా ఒప్పే. నేను రాష్ట్రాల హక్కులు అని నేర్చుకున్నాను, ఎందుకో పలకడానికి గంభీరంగా ఉందని. మొన్న మాటల్లో ఈ సంగతి చెబితే మా అమ్మాయి ముఖం మాడిపోయింది. "మూడూ ఒకటేనా అమ్మా?" అని, లోపలికెళ్లి రెండు కాగితాలు తెచ్చింది. రెండూ ఒకే మనిషివి. అలెగ్జాండర్ స్టీఫెన్స్, యూనియన్ నుంచి విడిపోయిన దక్షిణాది ప్రభుత్వానికి ఉపాధ్యక్షుడు. 1861 మార్చిలో, యుద్ధం ఇంకా మొదలవకముందు, సవానా ఊళ్లో తనవాళ్ల ముందు నిలబడి మా ప్రభుత్వానికి పునాదిరాయి జాతుల మధ్య అసమానత్వం, బానిసత్వం అని దాపరికం లేకుండా చెప్పాడు. ఓడిపోయాక కొన్నేళ్లకి అదే మనిషి పెద్ద పుస్తకం రాశాడు. అందులో యుద్ధం బానిసత్వం కోసం కాదు, రాజ్యాంగం కోసం, రాష్ట్రాల హక్కుల కోసం. "పైన లైన్ చూడు, డేట్ చూడు. ఫస్ట్ టైమ్ గెలుస్తామనుకున్నాడు. సెకండ్ టైమ్ ఓడిపోయాడు" అంది. అని, నేను గంభీరంగా ఉందని బట్టీ పట్టిన మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో నాకు బాగా అర్థమయ్యేలా ఆ రెండో కాగితాన్ని టేబులు మీద నావైపు జరిపింది. అయినా పరీక్ష పాసయ్యానుగా అన్నాను. నవ్వలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఎవరో స్టీఫెన్స్, ఎక్కడిదో సవానా. ఇబ్బంది మన రంగు మనిషి ఆ కాగితాల్లోకి వచ్చినప్పుడు మొదలైంది. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీం కోర్టు దాకా వెళ్లాడు. అప్పట్లో పౌరసత్వం తీసుకోవాలంటే తెల్లవాడైనా అయి ఉండాలి, ఆఫ్రికన్ సంతతి వాడైనా అయి ఉండాలి. 1922 నవంబరులో ఒజావా అనే జపనీయుడి కేసులో జస్టిస్ సదర్లాండ్, తెల్లవాడంటే కాకేషియన్ జాతి వాడు, నువ్వు కావు పొమ్మన్నాడు. మూడు నెలలు తిరిగేసరికి, 1923 ఫిబ్రవరిలో, పండితుల లెక్కలో నేను కాకేషియన్‌నే కదా అని థింద్ వస్తే, పండితుల లెక్క ఎవరిక్కావాలి, మామూలు మనిషి నిన్ను తెల్లవాడంటాడా అన్నాడు, అదే సదర్లాండ్. చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. అది చూసి మా అమ్మాయి నెమ్మదిగా, "అమ్మా, ఇతను కోర్టులో ఏమన్నాడో కూడా చూడు" అంది. ఏమన్నాడు? నేను పై కులం వాణ్ని, ఆర్యుణ్ని, మా వాళ్లు కింది కులాలతో రక్తం కలవనివ్వరు, కాబట్టి మా తెల్లదనం చెక్కుచెదరలేదు అన్నది అతని తరఫు వాదన. న్యాయం అడగడానికి వెళ్లిన మనిషి చేతిలో ఉన్న కాగితం అది. నేను అప్పటిదాకా పడ్డ కోపం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. "ఇది మన ఇళ్లల్లో కూడా అంటారా?" అని అడిగింది. పెళ్లి సంబంధాల ఫోన్లు మా ఇంటికీ వస్తాయి. మొదటి ప్రశ్న ఏమడుగుతారో తను వింటూనే పెరిగింది. అడిగినది తెలియక కాదు, నా నోటి నుంచి వినడానికి. గిన్నెలు సర్దాలని లేచాను.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు చదువుకోసం అమెరికాలో దిగింది ఆ తీర్పు వచ్చిన 1923లోనే. ఈ రెండు అంకెలూ నా బుర్రలో విడివిడిగా ఉన్నాయి. ఒకటి స్కూల్లో చదువుకున్న గొప్పవాడి జీవితంలోది, రెండోది మొన్నటి ఈ కాగితంలోది. పక్కపక్కన పెట్టుకోవాలని తోచలేదు. మన దేశం నుంచి వచ్చినవాళ్లకి ఇక్కడ పౌరసత్వం తీసుకునే వీలు 1946 చట్టంతో గానీ రాలేదు. ఆయన 1948లో పోయారు. ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకున్న ప్రతి గర్భిణీ స్త్రీ ఆయనకి బాకీ అని మా ఊళ్లో సైన్సు మాస్టారు చెప్పేవారు. అది వినేటప్పుడు ఆ మనిషి ఈ దేశంలో ఇరవై ఏళ్లకి పైగా ఏ హోదాతో బతికాడన్నది ఎవరం అడగలేదు. గొప్పవాళ్ల గురించి అలాంటివి అడగరు కదా.

ఇక అసలు విషయానికి రావాలి, ఎంత తిప్పినా. పరీక్ష మేలో అయిపోయినా ఇక్కడ బడి జూన్ మూడోవారం దాకా ఉంటుంది. ఆ మిగిలిన రోజులకి వాళ్ల టీచరు ఇంట్లోవాళ్ల కథ ఒకటి తీసుకుని, దానికి కాగితం సాక్ష్యం ఏదైనా ఉందేమో వెతకమంది. మా ఇంట్లో కథంటే ఒకటే, మా తాతయ్యది. మా అమ్మ వాళ్ల నాన్న. 1942 ఆగస్టు 12న తెనాలి రైల్వే స్టేషను దగ్గర కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్‌లో వాళ్ల గుర్తుగా స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజు తాతయ్య అక్కడ ఉన్నాడు. తూటా ఒకటి చెవి పక్కనుంచి పోయింది. కండువాకి చిల్లు పడింది. పరుగెత్తి కాలవ దాటి, మూడు రోజులు గడ్డివాములో దాక్కున్నాడు. వేసవి సెలవుల్లో డాబా మీద మంచాలేసుకుని ఎన్నిసార్లు చెప్పించుకున్నామో. చెప్పిన ప్రతిసారీ తూటా కొంచెం దగ్గరగా వచ్చేది. నేను పదమూడేళ్లదాన్నై ఉండగా ఆయన పోయారు.

అమ్మ ఇనప్పెట్టె వెతికితే నిజంగానే ఒక కాగితం దొరికింది. 1972లో కేంద్ర ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకి పింఛను పథకం పెట్టింది. ఆ పింఛను కోసం తాతయ్య 1973లో రాసుకున్న దరఖాస్తు అది. అమ్మ వీడియో కాల్‌లో దాన్ని ఫోనుకి అడ్డంగా పట్టుకుంది. సగం ఆవిడ బొటనవేలే కనిపిస్తోంది. "పైన ఏముందో అదొక్కటే చదువు అమ్మమ్మా" అంది మా అమ్మాయి. అమ్మ చదివింది. కలెక్టరు గారి దివ్యసముఖమునకు, అని. తేదీ చెప్పింది. "ఆగు, ఇంకా చదవకు." అమ్మకి అర్థం కాలేదు. కళ్లజోడు పైకి తోసుకుని నావైపు చూసింది, దీనికేమైందే అన్నట్టు. నాకు అర్థమైంది. వేల మైళ్ల అవతలి కాగితాన్ని మా అమ్మాయి అరచేత్తో మూసింది.

తర్వాత చదివింది. అందులో తూటా లేదు. కండువా లేదు, గడ్డివాము లేదు. ఆ దినమున స్టేషను వద్ద గుమిగూడిన జనములో నేనునూ ఉంటిని అని మాత్రమే ఉంది. వృత్తి వ్యవసాయం, భూమి ఎకరం ముప్పై సెంట్లు. (మా వాళ్లు పదెకరాల ఆసామీలని నేను మా అత్తగారింట్లో చెప్పుకున్నాను. అది వేరే కథ.) ఇంకో విచిత్రం, సంతకం చేసిన అసలు ప్రతి, దాని కింద కార్బన్ ప్రతి, రెండూ పెట్టెలోనే ఉన్నాయి. అంటే పంపలేదు. ఎందుకు పంపలేదు? ఆ పథకానికి ముఖ్యమైన షరతు కనీసం ఆరు నెలలు జైల్లో ఉండటం. తాతయ్య జైలుకి వెళ్లలేదు, అది అందరికీ తెలుసు. రాశాక ఎవరో ఆ సంగతి చెప్పి ఉంటారు, మానుకుని ఉంటాడు. లేదా అసలు ఆ రోజు తెనాలిలోనే లేడేమో, సంతకం చేశాక చెయ్యి ఆడలేదేమో. ఇది నా బుర్రలోకి వచ్చింది, మా అమ్మాయి నోటినుంచి రాలేదు. తను ఇంకోటి అంది. "మీకు చెప్పినప్పుడు పెద్దగా చెప్పాడు. డబ్బులొచ్చే చోట చిన్నగా చెప్పాడు. రివర్స్‌లో ఉండాలి కదా?" అని పెన్సిలు కొరుకుతూ ఆలోచించి, "అక్కడైతే చెక్ చేస్తారని భయపడ్డాడేమో" అని తన వాదన తనే కొట్టేసుకుంది. ఫోనులో అమ్మ ఇవన్నీ వింటోంది. "ఏమంటుందే, మా నాన్న అబద్ధం చెప్పాడంటుందా?" అంది. అలా కాదమ్మా అన్నాను. ఎలాగో చెప్పలేకపోయాను. నేర్పాల్సిన విద్యే, కాదనను. కానీ చనిపోయిన మనిషిని ఇలా నిలబెట్టి అడగడం, అదీ ఆయన కూతురు వింటుండగా, ఈ పిల్లకి ఎవరు చెప్పాలి, అంతా సిలబసు కాదని? లేక నేనే తప్పేమో. తాతయ్య మాటని ఇంత శ్రద్ధగా మా ఇంట్లో ఎవరైనా విన్నామా? మేం విన్నది తూటా శబ్దం మాత్రమే.

ఇంటర్ రెండో సంవత్సరంలో మా ఊరి శాఖా గ్రంథాలయంలో సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర దొరికింది. 1949లో వచ్చిన పుస్తకం, తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ అవార్డు దానికే. సిలబస్‌లో లేదు కాబట్టి హాయిగా చదివాను. రాజుల్ని పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని కావ్యాల్లోంచి ఏరి చెప్పారాయన. ఏదో నాయిక విరహం వర్ణించబోయి కవి మధ్యలో వదిలేసిన ఒక వంటకం పేరు, ఒక జూదం పేరు ఆయనకి సాక్ష్యం. కవి వాటిని మనకి చెబుదామని చెప్పలేదు. అవి జారిపడ్డాయి. చెబుదామనుకున్న మాట కంటే జారిపడ్డ మాటని ఎక్కువ నమ్మొచ్చని పదిహేడేళ్లప్పుడు నాకు అనిపించింది. పరీక్షలో అది ఎక్కడ రాయాలో తెలియక వదిలేశాను.

అది గుర్తొచ్చి, ఆ కాగితం వెనక వైపు కూడా ఫొటో తీసి పంపమని అమ్మకి మెసేజి పెట్టాను. రెండు రోజులు పంపలేదు. అలిగిందనుకున్నాను. మూడో రోజు వచ్చింది. సంతకం చేసిన ఆ అసలు ప్రతి వెనకాల, అదే చేతిరాతతో, పెన్సిలుతో ఏదో లెక్క. నూర్పిడి కూలీల పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా అంకె. కింద మినుములు, కుంచాల లెక్కన. కలెక్టరు గారి దివ్యసముఖానికి వెళ్లాల్సిన కాగితం అన్నమాట. మా అమ్మాయి దాన్ని ప్రింటు తీసి టేబులు మీద పెట్టుకుంది. దరఖాస్తు వైపు కంటే ఈ వైపే ఎక్కువసేపు చూసింది. ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు, పైన వరుసేమీ లేదు కాబట్టి. తెలుగు కూడబలుక్కుంటూ ఒక్కో పేరూ పైకి చదివింది. చివరికి వచ్చి, "కుంచం అంటే ఎంతమ్మా?" అంది.

చెప్పబోయి, చేతులతో ఇంత అని చూపించబోయి ఆగిపోయాను. ఎన్ని మానికలో నాకూ తెలియదు. ఇక్కడ సాయంత్రం ఏడు, అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. పొద్దున అడుగుదాంలే అంటున్నా వినకుండా తను అమ్మమ్మకి ఫోన్ చేసింది. అమ్మ మొదటి రింగుకే ఎత్తింది.